పిల్లలతో మొదటి చేపల తొట్టి: రెండడుగుల గాజు, బోరు నీళ్ళు, మూడు వేల బడ్జెట్

#1 | ఫ్లాట్_304
హైదరాబాద్, మూడో అంతస్తు ఫ్లాట్. పాపకు ఆరేళ్ళు, బాబుకు తొమ్మిది. చేపలు పెంచుదామని ఇద్దరూ పట్టుబట్టారు. మూడు వేలు దాటకూడదు. వాడేది బోరు నీళ్ళే, టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) మీటరులో 720 చూపిస్తోంది. గుండ్రటి గాజు బౌలు, రెండు గోల్డ్‌ఫిష్, రంగు రాళ్ళు కలిపి ఎనిమిది వందలకు ఇస్తామని దుకాణంవాళ్ళు అంటున్నారు. తీసుకోమంటారా? ఈ ఆదివారం మొదలుపెట్టాలని ఉంది.

#2 | స్పాంజి_ఫిల్టర్
బౌలు వద్దండి. అందులో పట్టేది ఐదారు లీటర్లు. గోల్డ్‌ఫిష్ విపరీతంగా తిని, అంతకంత విసర్జించే చేప. సరైన చోట పెరిగితే అరడుగు దాటుతుంది. ఆ కొద్ది నీళ్ళలో రెండు రోజులకే అమ్మోనియా ప్రమాదకరంగా చేరుతుంది. పైగా బౌలు మూతి ఇరుకు, గాలి తగిలే ఉపరితలం తక్కువ. వారంలో చేప పోతే పిల్లలు ఏడుస్తారు, మీరు ఇంకోటి కొంటారు. ఆ ఎనిమిది వందలు ఎనిమిది వందలతో ఆగవు.

మీ బడ్జెట్‌కు రెండడుగుల తొట్టి సరిపోతుంది. 24 x 12 x 12 అంగుళాలు, అంచుదాకా నింపితే 54 లీటర్లు. ఇసుక, పైన వదిలే రెండంగుళాల ఖాళీ పోను 40 లీటర్లకు కొంచెం అటూ ఇటూ. నీళ్ళు ఎక్కువుంటే పాప పొరపాటున గుప్పెడు మేత వేసినా తేరుకోవడానికి మీకు ఒక పూట టైం ఉంటుంది. బౌలులో ఆ టైం ఉండదు.

సుమారు లెక్క రాస్తున్నా, ఊరిని బట్టి మారుతుంది. మూతతో తొట్టి 1200, రెండు గొట్టాల ఎయిర్ పంపు 300, స్పాంజి ఫిల్టరు 150, గాలి పైపు, చెక్ వాల్వు (నీళ్ళు గొట్టంలో వెనక్కి రాకుండా ఆపేది) 60, ఎల్‌ఈడీ లైటు 300, థర్మామీటరు 80, అమ్మోనియా, నైట్రైట్ కిట్టు 450, సైఫన్ పైపు 100, వల 40. మొత్తం 2680. మిగిలిన దాంట్లో చేపలు, మేత. బొమ్మ ఓడ, బుడగలొదిలే నిధి పెట్టె, వెనకాల సముద్రం పోస్టరు ఇప్పుడు కొనకండి. డబ్బు ఆదా చేయాల్సింది అక్కడ. గాజు దగ్గరా ఫిల్టరు దగ్గరా కాదు.

#3 | గాజుపని
తొట్టి కొనేటప్పుడు మూడు చూడండి. గాజు 5 ఎం.ఎం. ఉండాలి. ఒకటిన్నర అడుగు తొట్టికైతే 4 చాలు, రెండడుగులకు 4 పెడితే నిండినప్పుడు ముందు అద్దం కొద్దిగా ఉబ్బుతుంది. రెండోది, అతుకుల దగ్గర సిలికాన్‌లో గాలి బుడగలు ఉండకూడదు. మూడోది వాసన. కొత్తగా అతికిన తొట్టిలో వెనిగర్ వాసన వస్తే సిలికాన్ ఇంకా ఆరలేదని అర్థం. వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం మూడు రోజులు, ఆరనివ్వండి. బాత్రూములకు వాడే సిలికాన్‌లో ఫంగస్ మందు కలుస్తుంది, దాంతో చేసిన మరమ్మతు చేపలకు విషం.

బరువు చాలామంది లెక్క వేయరు. గాజు 9 కిలోలు, ఇసుక 11, నీళ్ళు 40, మొత్తం 60 పైనే. టీవీ యూనిట్, ప్లాస్టిక్ టీపాయ్, పార్టికల్ బోర్డు అల్మారా పనికిరావు. నీళ్ళు ఒలికితే పార్టికల్ బోర్డు ఉబ్బిపోతుంది. ఇనుప స్టాండు గానీ, గోడకు ఆనించిన గట్టి చెక్క బల్ల గానీ ఉండాలి, పిల్లలు అంచు పట్టుకుని ఊగినా కదలకూడదు. తొట్టి కింద అరంగుళం థర్మాకోల్ షీటు వేయండి. బల్ల మీద చిన్న మేకు తల లేచి ఉన్నా ఆ ఒక్క చోటే ఒత్తిడి పడి అడుగు పగులుతుంది.

మొదట బాల్కనీలో చదునుగా పెట్టి నింపి 24 గంటలు వదలండి. కింద పాత న్యూస్‌పేపరు పరిస్తే చెమ్మ ఎక్కడిదో తెలిసిపోతుంది. లోపలికి తెచ్చేటప్పుడు మాత్రం పూర్తిగా ఖాళీ చేసి తేవాలి. సగం నీళ్ళతో ఎత్తితే అతుకులు విడిపోతాయి.

#4 | ఫ్లాట్_304
బౌలు ఆలోచన వదిలేశా. ఇసుక ఏది వాడాలి? పైన ఇల్లు కడుతున్నారు, అక్కడి ఇసుక తెచ్చుకోవచ్చా? సూర్యలంక బీచ్‌లో ఏరిన గవ్వలు వేయాలని పాప ఆశ. ఆదివారం అన్నీ పెట్టేసి సాయంత్రం చేపలు వేసేయొచ్చు కదా?

#5 | నైట్రేట్_నాగు
ఇసుక సంగతి ముందు. నది ఇసుక అయితే వాడొచ్చు. ఎం-శాండ్ (రాయిని పొడి చేసిన ఇసుక) వద్దు, రాతి పొడి ఎంత కడిగినా తెల్లగా తేలుతూనే ఉంటుంది, అంచులు పదునుగా కూడా ఉంటాయి. అంగుళంన్నర మందానికి 11 కిలోలు కావాలి. దోమల జాలీ మీద జల్లించి, మిగిలిన ముతక రేణువులను బకెట్లో నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. సబ్బు తగలకూడదు. గుప్పెడు ఇసుక మీద వెనిగర్ చుక్కలు వేస్తే బుస్సుమని నురగ వస్తే సున్నం ఉన్నట్టు. గవ్వలూ అంతే, కరిగి నీళ్ళను ఇంకా కఠినం (సున్నం ఎక్కువ) చేస్తాయి. మీ బోరు నీళ్ళకు అది అసలే అక్కర్లేదు. గవ్వలను తొట్టి పక్కన గాజు సీసాలో పెట్టించండి. చవక రంగు రాళ్ళకు రంగు ఊడుతుంది.

ఇక ఆదివారం సాయంత్రం చేపలు. కుదరదండి. కొత్త తొట్టిలో చేపలు పోయేది ఎక్కువగా ఇక్కడే. చేప విసర్జన, మిగిలిన మేత కుళ్ళి అమ్మోనియా అవుతుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది. నైట్రేట్‌ను చేపలు చాలావరకు తట్టుకుంటాయి, వారం వారం నీళ్ళు మారిస్తే పోతుంది. ఈ బ్యాక్టీరియా నీళ్ళలో కన్నా స్పాంజిలో, ఇసుక మీద, గాజు మీద అంటుకుని బతుకుతుంది. కొత్త తొట్టిలో అది దాదాపు ఉండదు. చాలినంత పెరగడానికి మూడు నుంచి ఆరు వారాలు.

పద్ధతి ఇదీ. తొట్టి నింపి, పంపు ఆన్ చేసి, చేపలు లేకుండానే రోజు విడిచి రోజు రెండు చిటికెలు మేత వేయండి. అది కుళ్ళి అమ్మోనియా తయారవుతుంది. మూడో రోజుకో ఐదో రోజుకో నీళ్ళు పలచని పాలలా మసకబారతాయి. భయపడి మార్చొద్దు, దానంతట అదే తేటపడుతుంది. మూడు రోజులకోసారి కిట్టుతో చూడండి. ముందు అమ్మోనియా పెరుగుతుంది. అది దిగుతుంటే నైట్రైట్ లేస్తుంది, తర్వాత అదీ దిగుతుంది. మేత వేస్తూనే ఉన్నా రెండూ సున్నా చూపిస్తే సిద్ధం. సగం నీళ్ళు మార్చి చేపలు తెచ్చుకోండి.

మీ నీళ్ళలో ఇంకో చిక్కుంది. అమ్మోనియా విషం పీహెచ్‌తో (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత), వేడితో పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం లోపే. పీహెచ్ 8 అయితే ఏడు శాతం పైనే. బోరు నీళ్ళు గాలి తగిలాక తరచూ 8 దగ్గరికి వెళ్తాయి. అందుకని ‘పక్కింట్లో వెంటనే వేస్తే బతికాయి’ అన్న మాట మీకు వర్తించదు.

#6 | కోనసీమ_గప్పీ
నాగు గారు చెప్పింది నిజమేగానీ నెల రోజులు ఖాళీ తొట్టి చూస్తూ కూర్చోమంటే ఆరేళ్ళ పిల్ల ఊరుకుంటుందా? దారి ఉంది. బాగా నడుస్తున్న తొట్టి ఉన్నవాళ్ళ దగ్గర పాత స్పాంజి ఒకటి అడిగి తెచ్చి మీ ఫిల్టరు పక్కన పెట్టండి, లేదా ఆ మురుగు మీ కొత్త స్పాంజి మీద పిండండి. నాలుగు వారాలు పట్టేది పది రోజుల్లో తేలిపోవచ్చు. దార్లో స్పాంజి ఆరిపోకూడదు, అదే నీళ్ళలో ముంచి తేవాలి. చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టి నుంచే తేవాలి, లేకపోతే జబ్బు కూడా వచ్చేస్తుంది.

చేపల విషయానికొస్తే మీ 720 టీడీఎస్‌కు గప్పీ, ప్లాటీ చక్కగా సరిపోతాయి. కఠినమైన నీళ్ళంటే వాటికి ఇష్టమే. నియాన్ టెట్రా, డిస్కస్ లాంటి మెత్తటి నీళ్ళ చేపల జోలికి పోకండి. నా సలహా ఆరు మగ గప్పీలు, అంతే. మొదట మూడు, రెండు వారాలాగి కిట్టు సున్నా చూపిస్తే మరో మూడు.

మగవే ఎందుకంటే, ఆడది ఉంటే నాలుగు వారాలకోసారి ఇరవై, ముప్పై పిల్లలు పెడుతుంది. మగవి లేకపోయినా ఆగదు. దుకాణంలో కలిసినప్పటి వీర్యాన్ని దాచుకుని నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. మగదాన్ని తోక రంగు చూసి కాదు, కడుపు కింది రెక్క చూసి గుర్తుపట్టండి. మగదానికి సన్నగా పుల్లలా ఉంటుంది, ఆడదానికి విసనకర్రలా విచ్చుకుంటుంది. ఈ పని బాబుకు అప్పగించండి, దుకాణంలో అతనే ఏరతాడు.

#7 | స్పాంజి_ఫిల్టర్
గప్పీకి నా ఓటు కూడా. ఒక్క చేపే చాలనుకుంటే మగ ఫైటర్ ఒకటి. అది గాలి కూడా పీలుస్తుంది కాబట్టి కరెంటు పోయినా తట్టుకుంటుంది. గప్పీలతో కలిపి మాత్రం వేయొద్దు, పొడుగు తోక కనిపిస్తే కొరికేస్తుంది.

కాలవలో పట్టిన చిన్న చేపలు పిల్లలు తెస్తే ఒప్పుకోకండి. దోమ లార్వాలు తింటాయని మలేరియా విభాగం కుంటల్లో వదిలే గంబూసియా అచ్చం ఆడ గప్పీలా ఉంటుంది. తొట్టిలో వేస్తే మిగతావాటి తోకలు మిగల్చదు.

‘బ్యాక్టీరియా సీసా’ వెంటనే పనిచేస్తుందని అమ్ముతారు. కొన్ని సాయపడతాయి, కొన్ని ఎండలో నిలవుండి ఎప్పుడో చచ్చినవి. సీసా పోశాం కదా అని కిట్టు చూడకుండా చేపలు వేయడం మాత్రం తప్పు.

#8 | నైట్రేట్_నాగు
పాత స్పాంజి దొరికితే నేనూ అదే చెప్తా. కానీ పది రోజులయ్యాయని కాదు, కిట్టు సున్నా చూపించిందని చేపలు వేయాలి.

#9 | మంచినీళ్ళ_మల్లన్న
నీళ్ళ గురించి ఎవరూ పూర్తిగ చెప్పలే. అపార్ట్‌మెంట్ల సాఫ్ట్‌నర్ (నీళ్ళ కఠినత్వం తగ్గించే మిషన్) ఉందా ముందు కనుక్కోండి. ఉంటే కాల్షియం పోయి సోడియం వస్తది, టీడీఎస్ మీటరుకు ఆ తేడా తెల్వదు. గప్పీలకు సాఫ్ట్‌నర్ ముందటి నీళ్ళే మంచిది. వాచ్‌మన్‌ను అడిగితే ఏ నల్లా నుంచి వస్తయో చెప్తడు. ఆర్‌ఓ నీళ్ళు మాత్రమే పోస్తే ఖనిజాలుండవు, చేపలు నీరసపడ్తయ్. టీడీఎస్ 1500 దాటినోళ్ళు సగం ఆర్‌ఓ కలుపుకోవాలె. మీకు అవసరం లేదు.

బోరు నీళ్ళల్ల క్లోరిన్ ఉండదు గానీ ఆక్సిజన్ తక్కువ. రాత్రి బకెట్ల పట్టి, పంపు రెండో గొట్టం అండ్ల వేసి పొద్దున పోయండి. మంజీరా, కృష్ణా నీళ్ళొచ్చే ఇండ్లల్ల క్లోరిన్ ఉంటది. 24 గంటలు గాలి ఆడనిస్తే చాలా వరకు పోతది. తొందరైతే యాంటీ-క్లోరిన్ అని అమ్మే సోడియం థయోసల్ఫేట్ పలుకులు 10 గ్రాములు లీటరు నీళ్ళల్ల కరిగించి పెట్టుకోండి, లీటరు నల్లా నీళ్ళకు 1 మి.లీ. చాలు. ట్యాంకరు నీళ్ళకు గిదే జాగ్రత్త, బ్లీచింగ్ కలిపి ఉండొచ్చు.

అపార్ట్‌మెంట్ పైట్యాంకు కడిగిన రోజు, తర్వాతి రోజు నీళ్ళు మార్చొద్దు, బ్లీచింగ్ మిగుల్తది. ఎండకాలం మధ్యాహ్నం పైట్యాంకు నీళ్ళు కాగి ఉంటయ్. రాత్రి పట్టి చల్లార్చినవే పోయాలె. బకెట్‌ల వేలు పెట్టి చూసుడు కాదు, థర్మామీటరు. తేడా రెండు డిగ్రీలు మించొద్దు.

#10 | ఫ్లాట్_304
మా దగ్గర సాఫ్ట్‌నర్ ఉందట, మెయిన్ వాల్వు పక్కన నల్లాలో మామూలు బోరు నీళ్ళు వస్తాయన్నారు. తెలిసిన వాళ్ళ దగ్గర స్పాంజి అడిగాను, ఇస్తామన్నారు. ఇప్పుడు పిల్లలకు ఏ పనులివ్వాలి? కరెంటు వైర్ల గురించే భయం.

#11 | బడి_తొట్టి
ఆరేళ్ళ పాపకు రోజువారీ పనులు మూడు. లేవగానే చేపలు లెక్కపెట్టాలి. ఒకటి తగ్గితే వెంటనే వెతకాలి, చచ్చిన చేప రాత్రంతా ఉంటే మిగతావాటికి అమ్మోనియా. థర్మామీటరు చూసి క్యాలెండరులో రాయాలి. మేత వేయాలి. మేతకు చిట్కా ఉంది. వారం రోజుల మాత్రల డబ్బా, అదే మెడికల్ షాపులో దొరికే ఏడు గదులది, కొని ఆదివారం మీరే నింపండి. రోజుకు ఒక గది, అందులో ఉన్నదే వేయాలి. పెద్ద డబ్బా పైన అల్మారాలో ఉండాలి. ఆరు గప్పీలకు చిన్న గుళికలు పూటకు పన్నెండు, పదిహేను చాలు, రెండు నిమిషాల్లో అయిపోవాలి. అడుగున మిగిలితే రేపు తగ్గించండి. గప్పీ ఎప్పుడూ ఆకలిగా ఉన్నట్టే గాజు దగ్గరికొస్తుంది, అది చూసి జాలిపడితే కష్టం. వారంలో ఒక గది ఖాళీగా వదలండి. ‘ఈరోజు చేపలకు ఒక్కపొద్దు’ అంటే ఒప్పుకుంటారు.

తొమ్మిదేళ్ళ బాబుకు కిట్టు. చుక్కలు మీరు వేయండి, రసాయనాలు పిల్లల చేతికి వద్దు. రంగు పోల్చి గ్రాఫ్ గీయడం అతని పని. గళ్ళ కాగితం మీద అడ్డంగా రోజులు, నిలువుగా విలువలు, అమ్మోనియాకు ఒక రంగు, నైట్రైట్‌కు ఇంకో రంగు. ఒక గీత పైకెక్కి దిగుతుంటే రెండోది లేవడం కళ్ళకు కడుతుంది. ఖాళీ తొట్టి రోజులు విసుగనిపించవు.

వారానికి నాలుగో వంతు, అంటే పది లీటర్లు మార్చాలి. సైఫన్ పైపు నోటితో పీల్చనివ్వొద్దు. పైపు మొత్తం తొట్టిలో ముంచి నింపి, ఒక చివర బొటనవేలితో మూసి కిందికి దించితే చాలు. సబ్బు తగలని బకెట్ ఒకటి విడిగా పెట్టి దాని మీద చేప బొమ్మ గీయించండి, ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోరు. స్పాంజి నెలకోసారి, తీసిన పాత నీళ్ళలోనే పిండాలి. నల్లా కింద తెల్లగా వచ్చేదాకా రుద్దితే బ్యాక్టీరియా పోయి మళ్ళీ మొదటికొస్తుంది. తొట్టిలో చేయి పెట్టే ముందు శానిటైజరు, నూనె, లోషన్ ఉండకూడదు. తీశాక సబ్బుతో కడగాలి.

#12 | వైర్‌మన్
పంపు, లైటు ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టి, ఆ బాక్సును తొట్టి కింద నేల మీద పడేయడం మానండి. గోడకు ఎత్తులో బిగించండి. వైరు ప్లగ్గులోకి నేరుగా దిగకూడదు. ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళాలి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. నీళ్ళలో చేయి పెట్టే ముందు స్విచ్చు కాదు, ప్లగ్గే తీయాలి. ఇంట్లో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూసుకుని టెస్ట్ బటన్ నొక్కండి. టక్కున పడకపోతే ముందు ఆ పని చేయించండి, చేపలు తర్వాత.

ఎయిర్ పంపు తొట్టి కన్నా ఎత్తులో ఉండాలి. కింద పెడితే కరెంటు పోయినప్పుడు నీళ్ళు గొట్టం వెంట వెనక్కి వచ్చి పంపులోకి, అక్కడి నుంచి బాక్సులోకి. చెక్ వాల్వు అందుకే. దాన్ని తిరగేసి బిగిస్తే బుడగలే రావు, నోటితో ఊదితే గాలి ఏ వైపు పోతుందో తెలుస్తుంది.

#13 | స్పాంజి_ఫిల్టర్
దోమల స్ప్రే గురించి ఎవరూ అనలేదు. ఆ గదిలో కొట్టొద్దు. అందులోని పైరెత్రాయిడ్ మందులు చేపలకు చాలా విషం, పైగా ఎయిర్ పంపు గదిలో గాలినే నీళ్ళలోకి పంపిస్తుంది. పెస్ట్ కంట్రోల్‌వాళ్ళు వచ్చిన రోజు పంపు ఆపి, తొట్టికి ప్లాస్టిక్ షీటు కప్పి, పని అయ్యాక గది తలుపులన్నీ తెరిచి గాలి ఆడాక తీయండి.

మే నెలలో నీళ్ళు 32 దాటితే ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. మూత తీసి జాలీ వేసి, టేబుల్ ఫ్యాను నీటి మీదుగా తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఆవిరైన నీళ్ళు నింపుకోవాలి. ఐసు ముక్కలు నేరుగా వేయకండి. హీటరు మీకు ఇప్పుడు అక్కర్లేదు. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు నీళ్ళు 20 కన్నా దిగితే అప్పుడు 50 వాట్లది చాలు.

మొక్కలకు డబ్బు పెట్టకండి. మనీప్లాంట్ కొమ్మ వేళ్ళు నీళ్ళలో, ఆకులు బయట ఉండేలా అంచుకు తగిలించండి, నైట్రేట్ పీల్చేస్తుంది. నాచు వస్తోందంటే లైటు ఎక్కువైనట్టే, ఆరేడు గంటలు చాలు. కిటికీ ఎండ నేరుగా పడకూడదు.

#14 | కోనసీమ_గప్పీ
చేపలు తెచ్చే రోజు గురించి. దుకాణంలో ఆ పూటే దిగిన సరుకు కొనొద్దు, ప్రయాణంలో అలిసి ఉంటాయి. నాలుగైదు రోజులైనవి, మేత వేస్తే ఎగబడేవి ఏరుకోండి. తోక ముడుచుకున్నవీ, ఒళ్ళు రాళ్ళకు రుద్దుకునేవీ ఒక్కటి కనిపించినా ఆ తొట్టి నుంచి ఏదీ వద్దు. ఇంటికొచ్చాక సంచీని పావుగంట నీటి మీద తేలనిచ్చి, ఐదు నిమిషాలకోసారి అరకప్పు తొట్టి నీళ్ళు సంచీలో పోయాలి. అరగంటయ్యాక చేపల్ని వలతో తీసి వేయండి. దుకాణం నీళ్ళు పారబోయాలి. ఆ రాత్రి లైటు, మేత రెండూ వద్దు.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలొస్తే అయోడిన్ లేని కల్లుప్పు లీటరుకు 2 గ్రాములు, ఒక్కసారే కాకుండా రెండు రోజుల్లో కరిగించి పోయండి. 40 లీటర్లకు 80 గ్రాములు. చుక్కలు పోయాక కూడా పది రోజులు అలాగే ఉంచాలి, ఎందుకంటే పరాన్నజీవి చేపను వదిలి నీళ్ళలో పిల్లలు పెట్టే దశ ఒకటుంది, ఉప్పు పని చేసేది ఆ దశ మీదే. నీళ్ళు మార్చినప్పుడు మార్చిన లీటర్లకే ఉప్పు కలపండి. మనీప్లాంట్ ఆ రోజుల్లో తీసేయండి. మిథిలీన్ బ్లూ అనే నీలం మందు ప్రతి దానికీ పోసే అలవాటు మంచిది కాదు, స్పాంజిలో బ్యాక్టీరియా దెబ్బతింటుంది, సిలికాన్‌కు పట్టిన నీలం మళ్ళీ వదలదు.

#15 | ఫ్లాట్_304
అన్నీ రాసుకున్నా. రెండు మిగిలాయి. అద్దం శుభ్రం చేస్తుందని సక్కర్ ఫిష్ ఒకటి ఉచితంగా ఇస్తామంటున్నారు. సంక్రాంతికి ఐదు రోజులు ఊరెళ్తాం, అప్పుడేం చేయాలి?

#16 | నైట్రేట్_నాగు
సక్కర్ వద్దు. రెండంగుళాల పిల్ల అడుగు దాటి పెరుగుతుంది, అది తినే నాచు కన్నా వదిలే మురికి ఎక్కువ. పెద్దదయ్యాక చెరువులో వదిలేస్తారు, అసలు నష్టం అక్కడే. ఆంధ్రలో చేపల చెరువుల్లోకి చేరి వలలు చింపుతున్నది ఇదే జాతి. అద్దం మీద నాచుకు పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే సరిపోతుంది. గప్పీలు ఎక్కువైనా అంతే, చెరువుకో నాలాకో వద్దు, దుకాణంలో తిరిగిచ్చేయండి.

ఐదు రోజులకు మేత అక్కర్లేదు, పెద్ద గప్పీలు తట్టుకుంటాయి. సెలవులకని అమ్మే మేత బిళ్ళలు నీళ్ళు పాడుచేస్తాయి. పక్కింటివాళ్ళకు డబ్బా ఇచ్చి వెళ్ళకండి, ప్రేమతో గుప్పెడు వేస్తారు. వెళ్ళే ముందు రోజు పది లీటర్లు మార్చి, లైటుకు టైమరు పెట్టండి. ఎయిర్ పంపు ఆన్‌లో ఉండాలి, ఇన్వర్టరు ఉంటే దాని లైనుకు కలపండి. మెయిన్ స్విచ్చు ఆపే అలవాటున్న ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆ రోజు ఆపకండి.